చీకట్లో రాసిన అక్షరాలు

పదకొండు దాటి పది నిమిషాలయింది. క్రిస్టినాని అరెస్టు చేయడానికి ఇంక రెండు గంటలు కూడా లేదు. ఆ సంగతి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పల్లంరాజు స్వయంగా ఫోన్ చేసి మరీ చెప్పాడు. "ఒంటిగంటకి వస్తున్నాను పెద్దింట్లమ్మా. ఈలోగా నీ క్లయింటుకి కాస్త అన్నం తినిపించు" అన్నాడు.

పెద్దింట్లమ్మ ఇరవయ్యారేళ్లు పోలీసు శాఖలో చేసింది. హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగానే చాలించుకుని, రాజమండ్రిలో తను ఉండే రెండు గదుల ఇంటికే డిటెక్టివ్ అని బోర్డు కట్టింది. ఆ ఇరవయ్యారేళ్లలో పదకొండేళ్లు పల్లంరాజుకు సెల్యూట్ కొట్టిన చెయ్యి ఆమెది. ఇప్పటికీ అతని గొంతు వినబడితే కూర్చున్నదల్లా లేచి నిలబడుతుంది. ఆ అలవాటంటే ఆమెకు ఒళ్లుమంట.

కేసు చెప్పుకుంటే నాలుగు ముక్కల్లో అయిపోతుంది. ఊళ్లో 'మూడో గంట' అని ఒక సమీక్షకుల బృందం ఉంది. మూడో గంట కొడితే తెర లేస్తుంది కాబట్టి ఆ పేరు. పరిషత్తు పోటీల్లో ఔత్సాహికులు ఆడే నాటికలన్నీ చూసి, జీతం భత్యం లేకుండా, మొహమాటం లేకుండా ఇంటర్నెట్‌లో సమీక్షలు రాస్తారు. దాన్ని నడిపేది నలుగురే. మొదలుపెట్టిన త్రిమూర్తులు పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. భాస్కరం తెలుగు లెక్చరరుగా రిటైరైన పెద్దమనిషి. క్రిస్టినా స్కూల్లో ఇంగ్లీషు టీచరు, నాటికలను వీడియో తీసేది కూడా ఆమే. నాలుగోవాడు సౌండ్ సెట్టింగు షాపు దొరబాబు.

మొన్న ఆదివారం, ఇప్పుడు పెద్దింట్లమ్మ వచ్చి ఉన్న ఈ కళాభవనంలోనే 'రెండో తాళం' అనే నాటిక ఆడారు. నాలుగూ పదికి మూడో గంట కొట్టి తలుపులు మూశారు. నాలుగూ నలభైఏడుకి కరెంటు పోయింది. నాలుగూ యాభైరెండుకి జనరేటర్ అందుకుంది. అయిదూ ఎనిమిదికి తెర పడింది. అయిదుంబావుకి బాల్కనీ మెట్ల కింద త్రిమూర్తులు తల పగిలి పడి ఉన్నారు. ప్రాణం ఉంది గానీ స్పృహ లేదు. కాలుజారి పడ్డారేమో అనుకోవడానికి వీల్లేకుండా, రెండు జబ్బల మీదా ఎవరో గట్టిగా పట్టుకున్న వేళ్ల గుర్తులు కమిలి ఉన్నాయని డాక్టరు రాశాడు.

బాల్కనీలోకి ప్రేక్షకుల్ని రానివ్వక రెండేళ్లయింది. మెట్లకు ఇనపగ్రిల్లు, దానికి తాళం. కెమెరా పైన పెడతారు కాబట్టి తాళంచెవులు ఆ నలుగురి దగ్గరే ఉంటాయి. ఏడో మెట్టు మీద క్రిస్టినా చెప్పు పట్టీ తెగి దొరికింది. ఆమె మాత్రం కుర్చీలోంచి కదల్లేదని రెండుసార్లు వాంగ్మూలం ఇచ్చింది. అంతకు వారం ముందే, ఆమె రాసిన సమీక్షను త్రిమూర్తులు తీసేశారని నలుగురిలో గొడవపడింది. పల్లంరాజుకు ఇంకేం కావాలి?

ముందుగా భాస్కరం గారితో మాట్లాడింది పెద్దింట్లమ్మ. ఆయన ఖాళీ హాల్లో, నాలుగో వరుస చివరి కుర్చీలో, పంచె మడతలు నలక్కుండా కూర్చున్నారు. పదేళ్లుగా అదే తన కుర్చీ అన్నారు. కరెంటు పోయినప్పుడు ఎక్కడున్నారంటే ఇక్కడే అన్నారు. నటీనటులు చీకట్లోనే ఒక్క మాట తడబడకుండా చెప్పుకుపోయారని, ఆ క్రమశిక్షణ తను ఎక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. ఎవరైనా మెట్ల వైపు వెళ్లడం గమనించారా అని అడిగితే పంచె మడత సర్దుకున్నారు.

"పక్కనున్నవాడి మొహమే కనబడని చీకటమ్మా. లేనిపోనిది ఎలా చెప్పను?"

"క్రిస్టినా గురించి చెప్పండి మాస్టారూ."

"చాలా మంచి పిల్ల. కోపం కాస్త ఎక్కువ. కోపం వేరు, చెడ్డతనం వేరు. ఆ మాటే కోర్టులోనూ చెప్తాను."

ఆయన ఆమెను వెనకేసుకొస్తున్న కొద్దీ ఉచ్చు ఇంకాస్త బిగుస్తోందనిపించింది పెద్దింట్లమ్మకు. కోపం అన్న ఒక్క మాట చాలు పల్లంరాజుకు. పదకొండున్నరకు ఆయన వాచీ చూసుకుని, పని ఉందమ్మా, మళ్లీ కలుస్తానని చెప్పి నెమ్మదిగా వెళ్లిపోయారు.

క్రిస్టినా స్టేజి పక్క గదిలో మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. రెండు రాత్రులుగా నిద్ర లేని మొహం. పెద్దింట్లమ్మ ఎదురుగా కుర్చీ లాక్కుని, తనకు అబద్ధం చెప్పేవాళ్ల తరఫున తను పని చేయలేనని, ఆ ముక్క ముందే తేల్చుకుందామని నెమ్మదిగానే చెప్పింది. పట్టీ ఏడో మెట్టు మీదికి దానంతటది నడిచిపోలేదని కూడా అంది.

క్రిస్టినా నోటి నుంచి ఒక్కొక్క మాటే బయటికొచ్చింది. కెమెరాలో బ్యాటరీ వీక్‌గా ఉండటంతో కరెంటు వైరు తగిలించి పెట్టిందట. కరెంటు పోగానే రికార్డింగ్ ఆగిపోతుందని భయపడి పరుగెత్తింది. గ్రిల్లు తీసే ఉంది. ఏడెనిమిది మెట్లెక్కేసరికి పైన త్రిమూర్తులు గొంతు వినబడింది. తగువులా ఉందని, వినడం తప్పని వెనక్కి తిరిగింది. ఆ తిరగడంలో చెప్పు తెగింది.

"దొరబాబేమో పైన?" అడిగింది పెద్దింట్లమ్మ.

"కాదండి. అదే టైములో వెనక దొడ్లో అతను జనరేటర్ తాడు లాగుతున్నాడు. నాలుగైదుసార్లు లాగేడు, అంటుకోలేదు. ఆ చప్పుడూ ఈ మాటలూ కలిసే వినబడ్డాయి."

"త్రిమూర్తులు గారు ఏమన్నారు? నువ్వు అనుకున్నది కాదు, ఆయన అన్నది చెప్పు."

క్రిస్టినా కళ్లు మూసుకుంది. "'మీ అంతట మీరే చెప్పెయ్యండి. పదో తారీఖు దాకా చూస్తాను. ఆ తర్వాత నేనే రాసేస్తాను.' అంతేనండి. అవతలి మనిషి ఏమీ మాట్లాడలేదు."

ఇది పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడగనవసరం లేకపోయింది. మెట్లెక్కానని ఒప్పుకుంటే అక్కడితో తన పని సరి. ఒప్పుకోకపోతే పైన ఇంకో మనిషి ఉన్నాడని చెప్పే దారి లేదు. "ఎటు తిరిగినా గోడేనండి" అంది క్రిస్టినా.

పెద్దింట్లమ్మ ఆ మాటల్ని మళ్లీ చెప్పించుకుంది. మీ అంతట మీరే.

"నిన్ను ఆయన ఎలా పిలుస్తారమ్మా?"

"అమ్మాయ్ అంటారు. నువ్వు అనే అంటారు."

"దొరబాబుని?"

"ఒరేయ్ దొరా అని..." అంటూండగానే క్రిస్టినా చెయ్యి నోటి మీదికి వెళ్లింది. ఆ నలుగురిలో త్రిమూర్తులు మీరు అని మాట్లాడేది ఒక్కరితోనే.

అయితే ఈ ముక్క పల్లంరాజు ముందు పెడితే నవ్వుతాడు. ముద్దాయి నోటి నుంచి వచ్చిన మాట అది. దానికి సాక్ష్యం ముద్దాయి చెవులే.

పన్నెండూ అయిదుకి పెద్దింట్లమ్మ బాల్కనీ మెట్లెక్కింది. ఇరవై రెండు మెట్లు. మధ్యలో మలుపు లేదు, పట్టుకోవడానికి ఒకవైపే కడ్డీ. పై మెట్టు దగ్గర నిలబడి వెనక్కి తోస్తే మనిషి ఆగడానికి ఆధారమే లేదు. జనరేటర్ హోరులో కింద ఎవరికీ చప్పుడు వినబడదు. పైన, బాల్కనీ వెనక ఒకటే గది. తలుపు మీద లక్కతో పోలీసు సీలు ఉంది. కెమెరాను పోలీసులు పట్టుకుపోయారు, మిగతాదంతా లోపలే ఉంచి సీలు వేశారు.

హాలు తాళాలు దొరబాబు దగ్గరే ఉంటాయి కాబట్టి అతను కూడా వెంట వచ్చాడు. లోపల ఏముందని అడిగితే, మన ప్యాడ్ల సంచి ఉందండి అన్నాడు. వాళ్లకొక నియమం ఉందట. నాటిక జరుగుతున్నంతసేపూ ఫోన్లు తీయకూడదు. చీకట్లోనే ప్యాడ్ మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. తెర పడగానే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ప్యాడ్లు సంచిలో పడెయ్యాలి. ఒకరి అభిప్రాయం ఇంకొకరికి అంటుకోకుండా త్రిమూర్తులు పెట్టిన నియమం అది. ఆదివారం దొరబాబు సౌండ్ చూసుకున్నాడు కాబట్టి రాయలేదు. మిగతా ముగ్గురివీ ఆ సంచిలోనే ఉన్నాయి; త్రిమూర్తులుది ఆయన కుర్చీలో ఉంటే దొరబాబే తీసి వేశాడు. తెర పడ్డాక సంచి తనే పైన పెట్టానని, ఎక్కేటప్పుడు మెట్ల దగ్గర ఇంకా చీకటేనని, కింద ఓ పక్కగా మనిషి పడి ఉన్న సంగతి దిగేటప్పుడు లైటు పడ్డాకే చూశానని చెప్పాడు.

పెద్దింట్లమ్మ సీలు కేసి చూస్తూ నిలబడింది. దాన్ని ముట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. కేసు పెడతారు. పెన్షన్ ఆగుతుంది. ఇరవయ్యారేళ్లలో ఇలాంటి సీళ్లు తన చేత్తో ఎన్నో వేసింది. ముట్టుకోకపోతే ఒంటిగంటకి ఆ పిల్ల జీపెక్కుతుంది.

"నువ్వు కిందికి పో దొరబాబూ. ఇక్కడ నువ్వేం చూడలేదు" అంది. అతను రెండు మెట్లు దిగి ఆగిపోయాడు. ఇంక దిగలేదు. ఆమె లక్కను గోటితో పెళ్లగించింది.

గుడ్డసంచిలో మూడు ప్యాడ్లున్నాయి. క్రిస్టినాది తెరిచింది. చీకట్లో రాసిన రాత ఎలా ఉండాలో అలా ఉంది. వాక్యాలు కొండెక్కుతున్నట్టు పైకి పోయాయి, ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒకచోట అక్షరాలు కాగితం దాటిపోయి అట్ట మీద పడ్డాయి. త్రిమూర్తులు ప్యాడూ అంతే. మొదటి పేజీలో నాలుగు వంకర లైన్లు, తర్వాత ఖాళీ. నాటిక మొదలైన కాసేపటికే ఆయన రాయడం మానేశారన్నమాట.

భాస్కరం గారి ప్యాడ్ మూడు పేజీలుంది. పుస్తకంలో అచ్చు వేసినట్టుంది. ఒక్క అక్షరం పక్కకు పోలేదు. మార్జిన్ కూడా వదిలారు.

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. రెండో పేజీ మధ్యలో ఆగి, ఆ వాక్యాన్ని దొరబాబుకు వినబడేట్టు చదివింది. 'చెల్లెలు ఉత్తరం చదివే సన్నివేశంలో ఆ అమ్మాయి గొంతు పగిలిన తీరు, వెనక వినీవినబడని వేణువు, నాటికకు ప్రాణం పోశాయి.'

దొరబాబు ఆ రెండు మెట్లూ మళ్లీ పైకెక్కాడు.

"ఆ సీను పడలేదండి" అన్నాడు. "చెల్లెలు వేషం పిల్లకి జ్వరమొచ్చి గొంతు పోయిందండి. మూడింటికి ట్రూపు వాళ్లొచ్చి, ఆ సీను తీసేస్తున్నాం, వేణువు బిట్టు వెయ్యొద్దన్నారు. నేను వెయ్యలేదండి. హాల్లో కూర్చున్న ఎవర్నడిగినా చెప్తారండి."

అంటే ఆ మూడు పేజీలూ నాటిక చూసి రాసినవి కావు. వెలుతురులో, ఇంటి దగ్గర, ఆటకు ముందే రాసి పెట్టుకున్నవి. మూడింటికి సీను తీసేశారన్న సంగతి తెలియక, ఆ సీను రావాల్సిన సమయానికి తను కుర్చీలో లేక, అలాగే సంచిలో పడేశారు. నాటిక చూడకుండానే అందులో ఏముందో అంత వివరంగా ఎవరికి తెలుస్తుంది?

నాటిక రాసినవాడెవరని అడిగింది. 'పరివ్రాజక' అని ఎవరో ఉన్నారండి, ఎప్పుడూ స్టేజి ఎక్కలేదు, మొహం ఎవరికీ తెలీదు అన్నాడు దొరబాబు. మూడేళ్లుగా ఉత్తమ రచయితగా 'మూడో గంట' ఎంపిక చేస్తున్నది అతన్నే. ఆ ఎంపికలో ముందు చెయ్యెత్తేది భాస్కరం గారే. జ్ఞాపికను త్రిమూర్తులు స్వయంగా రిజిస్టర్డ్ పోస్టులో పంపుతారు.

పెద్దింట్లమ్మ త్రిమూర్తులు ప్యాడును మళ్లీ చేతిలోకి తీసుకుని పేజీలన్నీ తిరగేసింది. చివరి రెండు కాగితాల మధ్య ఒక పోస్టల్ రసీదు కార్డు ఉంది. పార్సిల్ అందుకున్నవాళ్లు సంతకం చేస్తే పంపినవాళ్లకు తిరిగొచ్చే కార్డు. చిరునామాలో పరివ్రాజక, కేరాఫ్ ఎవరిదో ఇల్లు. సంతకం మాత్రం ఏ పనివాళ్లదో కాదు. తోక పొడుగ్గా లాగిన ఆ 'భ' భాస్కరం గారి మూడు పేజీల నిండా ఉంది. ముప్పయ్యేళ్లకు పైగా సంతకాలు చూసిన పోస్టుమాస్టరు ఆ అక్షరాన్ని గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు? పదేళ్లుగా ఊరంతా నమ్మిన సమీక్షకుడు, తన నాటికలను తనే మెచ్చుకుంటున్నాడు. పదో తారీఖు దాకా గడువిచ్చింది అందుకే.

కింద గ్రిల్లు కిర్రుమంది. పన్నెండున్నరే అయింది. ఒంటిగంట అన్నవాడు అరగంట ముందే వచ్చాడు.

పల్లంరాజు మెట్లెక్కుతూ ముందు పెళ్లగించిన లక్కను చూశాడు, తర్వాత ఆమె చేతిలోని ప్యాడ్లను. కోప్పడలేదు. అతను కోప్పడకపోతేనే భయం అని ఆమెకు పాత అనుభవం. కానిస్టేబుల్ బుల్లబ్బాయిని పిలిచి, క్రిస్టినాని జీపులో స్టేషన్‌కి చేర్చమని, దొరబాబుని కూడా తీసుకెళ్లమని చెప్పాడు. పోతూ పోతూ గ్రిల్లుకు బయట తాళం వేసి పొమ్మన్నాడు. ఈవిడ వాంగ్మూలం రాసేదాకా పురుగు కూడా లోపలికి రాకూడదన్నాడు. పెద్దింట్లమ్మ ఫోన్ తీసుకుని జేబులో వేసుకున్నాడు.

తాళం పడిన చప్పుడు మెట్లన్నీ ఎక్కి పైదాకా వచ్చింది.

ఆమె అంతా చెప్పింది. వంకర రాత, తిన్నని రాత, పడని సీను, సంతకం. అతను మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. బుర్ర ఉన్న మనిషే, అందులో సందేహం లేదు. అంతా విని, కుర్చీ తుడుచుకుని కూర్చుని, ఆమెకూ ఇంకో కుర్చీ చూపించాడు.

"తన నాటికని తనే మెచ్చుకోడం ఏ సెక్షన్‌లోనూ నేరం కాదు" అన్నాడు. "సరే, నువ్వు చెప్పిందే నిజమనుకుందాం. ఈ ప్యాడూ ఈ కార్డూ రేపు కోర్టులో పెడితే మొదటి ప్రశ్న ఏంటి?"

ఆమె చూపు గుమ్మం దగ్గర రాలిన లక్క ముక్కల మీదికి పోయింది.

"సీలు ఎవరు పగలగొట్టేరని అడుగుతారు. ముద్దాయి డబ్బిచ్చి పెట్టుకున్న మనిషి పగలగొట్టిందని చెప్పాలి. కార్డు అందులో ముందే ఉందో నువ్వే పెట్టేవో ఎవరు చెప్తారు? ఆ పిల్లని కాపాడే సాక్ష్యాన్ని నీ చేత్తో నువ్వే చంపుకున్నావు."

అతను అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. కిటికీలు లేని ఆ గదిలో గాలి ఆడటం మానేసినట్టయింది పెద్దింట్లమ్మకు. తలుపు తీస్తే దారి దొరుకుతుందనుకుంది. ఆ తలుపే తన మీద మూసుకుంది.

పల్లంరాజు కాగితాలు తీసి పెన్ను విప్పాడు. రాయబోతూ, ఇంత మంచి మనిషి మీద నీకు అనుమానం ఎలా వచ్చిందో అన్నట్టు తల ఊపాడు. "పొద్దున్న నాకు ఫోన్ చేసేరాయన. ఆస్పత్రిలో స్నేహితుడి పక్కన కాసేపు కూర్చుంటాను, పర్మిషన్ ఇప్పించండి అన్నారు. సొంతవాళ్లే రెండ్రోజులకి అలిసిపోతారు. నేనే అక్కడ కాపలా ఉన్న కానిస్టేబుల్ ఏసమ్మకి చెప్పి పంపించేను."

"ఇప్పుడు అక్కడున్నారా సార్?"

"పన్నెండింటికల్లా వెళ్లి ఉంటారు."

ఆమె లేచి నిలబడింది. ఈసారి అలవాటు కొద్దీ లేచింది కాదు. ఏసమ్మకు ఫోన్ చేయమంది. అతను ముందు వాంగ్మూలం అన్నాడు. వాదిస్తే ఇంకో పావుగంట పోతుంది. ఆ పావుగంటలో ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ఆమెకు ధైర్యం చాల్లేదు. కాగితం తన వైపు లాక్కుంది.

"నేనే సీలు పగలగొట్టేనని రాసిస్తాను సార్. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే చేసేను. కింద సంతకం పెడతాను. అది మీ దగ్గర పెట్టుకుని నన్ను ఏం చేసుకుంటారో చేసుకోండి. నేను రాస్తున్నంతసేపట్లో ఒక్క ఫోన్ చెయ్యండి."

రాయడం మొదలెట్టేసింది. పల్లంరాజు ఆమె చేతికేసి చూశాడు. అక్షరాలు ఎక్కడా ఆగటం లేదు. ఆ కాగితంతో ఆమె పెన్షన్, పేరు, బోర్డు అన్నీ తన జేబులోకి వస్తాయి. ఒక ఫోన్ కాల్ కోసం ఇంత ధర ఎవరూ ఊరికే ఇవ్వరని అతనికి అప్పుడు తట్టినట్టుంది. ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, బల్ల మీద ఉంచాడు.

ఏసమ్మ సంతోషంగా మాట్లాడింది. త్రిమూర్తులు గారు పన్నెండుంబావుకి కళ్లు తెరిచారట. మాట రాలేదు గానీ మనిషిని గుర్తుపట్టారట. మాస్టార్ని చూడగానే చెయ్యి కదిపి ఏదో చెప్పబోయారట.

"ఇప్పుడెలా ఉన్నారు?"

"స్కానింగుకి తీసుకెళ్లేరు సార్. డాక్టరుగారు రాసేరని మాస్టారే చెప్పేరండి. నన్ను కౌంటర్లో కాగితాలు తెమ్మని, ఆయనే స్ట్రెచర్ లిఫ్టులోకి తోసుకెళ్లేరు. పై అంతస్తు నొక్కేరు." ఆమె గొంతు అక్కడ కాస్త ఆగింది. "సార్, ఇక్కడ బోర్డు మీద స్కానింగు కింద అంతస్తని ఉందండి. పైన ఇంకా కడుతున్నారు. గోడలు లేవు సార్ పైన."

పల్లంరాజు ఒక్క ఊపులో లేచి మెట్లు దిగాడు. గ్రిల్లు పట్టుకుని లాగాడు, బుల్లబ్బాయిని కేకేశాడు. జీపు ఎప్పుడో వెళ్లిపోయింది. తాళంచెవి బుల్లబ్బాయి జేబులో ఉంది. అతను మళ్లీ పైకి వచ్చేసరికి పెద్దింట్లమ్మ ఫోన్ దగ్గర వంగి, ఏసమ్మకు చెప్పాల్సింది చెప్పేసింది. లిఫ్టు కోసం ఆగొద్దు, మెట్లెక్కు, అరవొద్దు, దగ్గరికి ఉరకొద్దు, మాట్లాడుతూ ఉండు.

ఇద్దరూ బల్లకు చెరోవైపు వంగి విన్నారు. ఏసమ్మ బూట్ల చప్పుడు మెట్టు మెట్టుకూ వినబడుతోంది. ఊపిరి ఎగదోస్తోంది. ఎక్కడో ఇనుము కోస్తున్న చప్పుడు దగ్గరైంది, వెనక్కి పోయింది. బూట్ల చప్పుడు ఆగింది. తర్వాత గాలి హోరు తప్ప ఏమీ లేదు.

ఆ హోరులోంచి ఏసమ్మ గొంతు వచ్చింది, చంటిపిల్లాడిని బుజ్జగిస్తున్నంత మెల్లగా.

"మాస్టారూ, ముందు ఆ చక్రాలకి బ్రేకు వెయ్యండి. నేను దగ్గరికి రానండి. ఇక్కడే ఉంటానండి."